రబ్బరు మీటరు రీడింగు చూడదు

పాత కార్లు అమ్మేవాళ్లు చెప్పే మాటల్లో నన్ను ఇట్టే పడగొట్టిన మాట ఒకటుంది: “బండి అసలు తిరగలేదండీ, ఎప్పుడూ షెడ్డులోనే ఉండేది.” 1996 మోడల్ జర్మన్ కారు. నేను కొనేనాటికి దానికి పాతికేళ్లు దాటాయి, మీటరు మీద మాత్రం 61,000 కిలోమీటర్లే. తోలు సీట్లు నలగలేదు, చెక్క పట్టీల మెరుపు పోలేదు, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినట్టు బరువైన చప్పుడు. ఇంత తక్కువ తిరిగిన బండిలో ఏం పాడవుతుందిలే అనుకుని బేరం కూడా గట్టిగా ఆడలేదు. ఇప్పుడు ఎవరైనా పాత ఖరీదైన కారు కొనబోతూ సలహా అడిగితే, మీటరు సంగతి తరవాత, ముందు బానెట్టు ఎత్తి పైపులు వంచి చూడమంటున్నాను. వినేవాళ్లు తక్కువ. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

పాత లగ్జరీ కార్లు తుక్కు దుకాణానికి చేరడం వెనక చాలాసార్లు ఉండేది కొద్దిపాటి ఖర్చుతో మారిపోయే రబ్బరు గొట్టాలే. వాటిని మనం పగిలాక మారుస్తాం, అదీ పగిలిన ఒక్కదాన్నే. తారీఖు చూసి మార్చాలని, మార్చినప్పుడు ఒక వ్యవస్థకు చెందిన గొట్టాలన్నిటినీ ఒకేసారి మార్చాలని నా వాదన. ఇది నాకు పుస్తకాల్లో దొరకలేదు. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర, మే నెల ఎండలో, మా మామగారి నోట విన్నాను.

హైదరాబాదు నుంచి విజయవాడ వస్తున్నాం. సూర్యాపేట దాటాక స్టీరింగు తిప్పినప్పుడల్లా సన్నటి మూలుగు మొదలైంది. ఏసీ చప్పుడనుకున్నాను, అలా అనుకోవడం సుఖం కాబట్టి. టోల్‌గేటు వరసలో పక్క దారిలోకి మళ్లబోతే స్టీరింగు ఒక్కసారిగా రాయిలా బిగుసుకుపోయింది. బానెట్టు సందుల్లోంచి తెల్లటి పొగ, మాడిన నూనె వాసన. స్టీరింగును తేలికచేసే నూనె పంపు నుంచి స్టీరింగ్ బాక్సుకు వెళ్లే ప్రెషర్ పైపు చిట్లి, నూనె కాలిపోతున్న ఎగ్జాస్టు గొట్టం మీద చిమ్మింది. అంటుకోకపోవడం మా అదృష్టం.

మామగారు కృష్ణా జిల్లా రైతు. మరో ఇద్దరితో కలిసి వరికోత మిషను నడిపిస్తారు. కండువాతో ముఖం తుడుచుకుంటూ వంగి చూశారు.

“ఈ పైపులు ఎప్పుడు మార్పించారు అల్లుడుగారూ?”

“బండి అరవై నాలుగు వేలే తిరిగింది మామయ్యగారూ.”

“ఎంత తిరిగిందని అడగలేదు. ఎప్పుడు మార్పించారని అడిగాను.”

ఆయన కోత మిషను ఏడాదిలో పని చేసేది కొద్ది నెలలే. మిగతా కాలమంతా గడ్డివాము పక్కన టార్పాలిన్ కింద పడి ఉంటుంది. అయినా కోతలకు ముందు పైపులన్నీ తడిమి చూసి, పగుళ్లు కనిపించినవి మార్పించాకే పొలంలోకి దించుతారు. పని చేసిన నెలల్లో కంటే ఊరికే పడి ఉన్న నెలల్లోనే అవి ఎక్కువ పాడవుతాయని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చేలో పంట నిలబడి ఉండగా, మబ్బు పట్టి ఉండగా, పైపు పగిలిన అనుభవం ఒక్కటి చాలు.

మన మేస్త్రీలు ‘పైపు ఎండిపోయింది’ అంటారు. శాస్త్రం చెప్పేదీ దాదాపు అదే. రబ్బరును మెత్తగా ఉంచే ద్రవ్యాలు నెమ్మదిగా బయటికి పోతాయి. గాలిలోని ఓజోను పైపొర మీద సన్నటి పగుళ్లు తెస్తుంది. బానెట్టు కింది వేడి ఈ రెండింటినీ తొందరపెడుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం సుమారు రెట్టింపవుతుందని ఇంటర్మీడియెట్‌లో అందరం చదువుకున్నదే. బెజవాడ మే నెలలో బానెట్టు కింద ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఇక ఒత్తిడి సంగతి. లారీ టైరులో ఉండేది ఎనిమిది బార్ల గాలి (బార్ అంటే సుమారుగా మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). నిలబడిన కారులో స్టీరింగును చివరిదాకా తిప్పి పట్టుకుంటే ఆ పైపులో నూనె ఒత్తిడి వంద బార్ల దరిదాపుల్లోకి వెళ్తుంది. మనం ఆ పని పార్కింగులో రోజూ చేస్తాం.

చిట్లిన పైపు విప్పించి చూస్తే దాని మీద అచ్చు ఇంకా చదవడానికి వీలుగానే ఉంది: 3క్యూ95. అంటే 1995 మూడో త్రైమాసికంలో తయారైంది. కారుకంటే పెద్దది. ఇక్కడే నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. ఫ్యాక్టరీల్లో, యంత్రాల్లో వాడే హైడ్రాలిక్ హోసుల (నూనె ఒత్తిడిని మోసే గొట్టాల) గురించి జర్మన్లకే ఒక ప్రమాణం ఉంది, డిన్ 20066 అని. అమర్చిన హోసు ఆయుర్దాయం, స్టోరులో ఉన్న కాలంతో కలిపి, ఆరేళ్లు మించరాదని దాని సిఫారసు. అందులోనూ స్టోరులో ఉండే కాలం రెండేళ్లు దాటకూడదు. ఆ దేశంలో ప్రెస్సు మిషనుకు ఆరేళ్లు గడువు పెడితే, ఆ దేశపు కారులో అదే జాతి గొట్టం పాతికేళ్లకు పైగా నా ముందు చక్రాలను తిప్పింది. కారు పైపు వేరు, ప్రెస్సు పైపు వేరు, ఒప్పుకుంటాను. ఆరేళ్లకే పడేయమనడం లేదు. పదో ఏటనో, పన్నెండో ఏటనో ఎవరో ఒకరు అడగవలసిన ప్రశ్నను ఏ యజమానీ అడగలేదనే నా బాధ. వాళ్లందరూ మీటరే చూసి ఉంటారు.

పైపు పగిలాక నా ముందు రెండు దారులు కనిపించాయి. రెండూ తప్పు దారులే. పెద్ద సర్వీసు సెంటరులో పంపు, స్టీరింగ్ బాక్సు, పైపులు మొత్తం సెట్టు మార్చాలన్నారు. కారుకు నేనిచ్చిన ధరలో సగం దాటింది ఆ అంచనా. రోడ్డు పక్క షెడ్డులో చిట్లిన పైపు ఒక్కటి మార్చి మూడున్నర వేలకు పంపించేశారు. నేను సహజంగానే రెండో దారిలో వెళ్లి, తెలివైన పని చేశానని ఇంట్లో చెప్పుకున్నాను కూడా.

అయిదు వారాలకు మూలుగు మళ్లీ మొదలైంది, ఈసారి ఇంకా గట్టిగా. నేల మీద ఒక్క చుక్క లేదు. ఆయిల్ డబ్బా మూత తీస్తే లోపల నూనె చిలికిన మజ్జిగలా నురుగెత్తి ఉంది. “లీకేజీ లేదు సార్, పంపే పోయింది” అన్నాడు షెడ్డు కుర్రవాడు. లీకేజీ ఉంది. కాకపోతే బయటికి కాదు, లోపలికి. డబ్బా నుంచి పంపుకు వెళ్లే లావుపాటి పైపులో ఒత్తిడి ఉండదు, ఉండేది పీల్చుడు. ఆ పైపు ఎండి, క్లిప్పు కింద గట్టిపడి, వెంట్రుకవాసి సందు ఇచ్చినా చాలు, అందులోంచి నూనె కారదు, గాలి దూరుతుంది. గాలి కలిసిన నూనె పంపు రెక్కలకు తడి అందించలేదు, ఇనుము మీద ఇనుము రాసుకుంటుంది. మూలుగు అదే. నేను మూడున్నర వేలు పెట్టి ప్రెషర్ పైపు మార్చాను, దాని పక్కనే ఉన్న మూడు వందల రూపాయల పైపును వదిలేశాను. అది పంపును తినేసింది.

ఇంకో సంగతి. ఆ డబ్బాలో అడుగున, స్ప్రింగు కింద, చిన్న కాగితపు ఫిల్టరు ఉంటుంది. ఆ కాలపు జర్మన్ కార్లు చాలావాటిలో ఉంది. అది ఉన్నట్టు నాకు తెలియదు, షెడ్డులోనూ తెలియదు. తీసి చూస్తే నల్లటి ముద్ద, వేళ్ల మధ్య నలిపితే రబ్బరు నలుసులు. పాత పైపు పగలకముందు ఎన్నేళ్లుగానో లోపలి నుంచి రాలుతూనే ఉందన్నమాట.

మూడో దారి చూపించింది కూడా మామగారే. ఆయన కోత మిషను పైపులు చేయించే దుకాణం విజయవాడ ఆటోనగర్‌లో ఉంది. జేసీబీలు, టిప్పర్లు, బోరు లారీల పైపులు గుట్టగా పడి ఉన్న చోటికి నా తోలు సీట్ల కారు వెళ్లి నిలబడింది. దుకాణంలో కుర్రవాడికి పాతికేళ్లుంటాయి. ఇంజను ఆన్‌లో ఉండగా నేను కొత్త పైపు పొడవునా వేలు రాస్తూ ఎక్కడ చెమరుస్తోందో చూడబోతే చెయ్యి పట్టుకుని లాగేశాడు. “సూది మొనంత కన్నంలోంచి వచ్చే నూనె చర్మంలోకి దూరిపోతుంది సార్. పైకి చూస్తే దోమ కుట్టినట్టే ఉంటుంది. ఆపరేషను చెయ్యకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుంది” అన్నాడు. అట్టముక్క ఇచ్చి దాన్ని పైపు వెంట నడిపించమన్నాడు. అట్ట తడిస్తే అక్కడ లీకు. ఇంత ముఖ్యమైన మాట నాకు అంతకుముందు ఏ సర్వీసు సెంటరులోనూ ఎవరూ చెప్పలేదు.

నేననుకున్నంత తేలిక కాదు ఆ పని. ప్రెస్సులో పెట్టి క్రింపింగ్ చేయడం, అంటే కొసను గొట్టానికి నొక్కి బిగించడం, అయిదు నిమిషాలు. కానీ అక్కడ దొరికే కొసలు జేసీబీ కొలతలవి, నా కారుకు కావలసినవి బోల్టు దూరే ఉంగరం లాంటి మెట్రిక్ బ్యాంజో కొసలు, పైగా ఇంజను మలుపులకు తగ్గట్టు వంచిన స్టీలు గొట్టాలు. ఆ స్టీలు ముక్కలు పోగొట్టుకుంటే కథ అయిపోయినట్టే. షెడ్డువాళ్లు అరకొరగా అమర్చిన పైపు సంగతి వదిలేసి, నేను డిక్కీలో దాచుకున్న అసలు పైపును కుర్రవాడు జాగ్రత్తగా కోసి, పాత కొసల్నే శుభ్రం చేసి, వాటికి కొత్త నిపిల్ ఇత్తడి వెల్డింగుతో అతికించాడు. పాత గొట్టాన్ని నిలువుగా చీల్చితే లోపల సన్నటి లోహపు గొట్టం ఇంకొకటి బయటపడింది. “ఇదేమిటి?” అన్నాను. “పంపు గుండె దడను మింగేది సార్” అన్నాడు.

ఆ మాట దగ్గర కొంచెం ఆగాలి. పంపు నూనెను సాఫీగా తోయదు, అదురుతూ తోస్తుంది. ఆ అదురు స్టీరింగు చక్రందాకా రాకుండా మింగేందుకే స్టీరింగు పైపును కొంచెం సాగేలా, గుడ్డ అల్లికతో చేస్తారు. లోపలి చిన్న గొట్టం పనీ అదే. జేసీబీకి వేసే రెండు వరసల ఉక్కు అల్లిక హోసు 300 బార్లు దాటినా చలించదు, బలంలో నా పాత పైపుకు తాత. కానీ సాగదు, వంద డిగ్రీల వేడికి మించి ఎక్కువకాలం ఓర్చుకోదు. అది వేస్తే పగలదు కానీ కారు జీవితాంతం గొణుగుతూ ఉంటుంది, ఎగ్జాస్టు పక్కన కాలుతూ ఉంటుంది. ‘ఉక్కు పైపు వేయించాను, ఇక ఢోకా లేదు’ అని గొప్పగా చెప్పుకునే మిత్రులకు ఇది నచ్చదని తెలుసు. మా కుర్రవాడు లారీల పవర్ స్టీరింగుకు వాడే, వేడికి తట్టుకునే హోసు తెప్పించి వేశాడు, లోపలి గొట్టాన్ని మళ్లీ అందులో దూర్చాడు. పీల్చుడు పైపు, నూనె డబ్బాలోకి వెనక్కి వచ్చే తిరుగు పైపు కూడా ఆ రోజే మారాయి. రాగి వాషర్లు కొత్తవి. పంపును సీల్ కిట్టు, కొత్త రెక్కలు వేయించి బతికించాం. మొత్తం పద్దెనిమిది వేలు. మొదటే చేసి ఉంటే అందులో పంపు ఖర్చు ఉండేది కాదు.

నాది మామూలు స్టీరింగు గొడవ. హైడ్రాలిక్స్ మీదే బతికిన మహారాజులున్నారు. 1955 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో సిట్రోయెన్ డీఎస్ కారును చూపిస్తే మొదటిరోజే 12,000 ఆర్డర్లు వచ్చాయంటారు. పాల్ మాజెస్ రూపొందించిన ఆ వ్యవస్థలో ఒకే పంపు, ఒకే నూనె, సస్పెన్షనూ బ్రేకులూ స్టీరింగూ అన్నీ దాని మీదే. చక్రాల దగ్గర స్ప్రింగుల బదులు నత్రజని నింపిన గోళాలు. 1962లో ప్యారిస్ శివారు పెతీ క్లమార్‌లో అధ్యక్షుడు డిగాల్ మీద తూటాలు కురిసినప్పుడు టైర్లు పగిలిన డీఎస్ ఆగకుండా ఆయన్ను బయటపడేసింది. ఇంత చేసిన కారుకు మొదట వాడిన నూనెలు పెద్ద తలనొప్పి. 1966 దాకా వాడిన ఎర్ర నూనె గాలిలోని తేమను పీల్చుకుని లోపలి లోహాన్ని తుప్పు పట్టించేది. ఆ ఏడాది ఆకుపచ్చ ఖనిజ నూనె వచ్చి ఆ బాధ తీర్చింది. ఎర్ర నూనె కారులో పొరపాటున ఆకుపచ్చది పోస్తే మాత్రం సీళ్లన్నీ ఉబ్బి పాడైపోతాయి. అందుకే కొత్త భాగాలకు ఆకుపచ్చ రంగు వేసి మరీ హెచ్చరించారు.

రోల్స్ రాయిస్ వాళ్లు 1965 సిల్వర్ షాడో కోసం సిట్రోయెన్ దగ్గర ఆ విద్యను లైసెన్సు మీద తీసుకున్నారు. అందులో ఉండేది బ్రేక్ ఆయిల్. 1980లో వచ్చిన సిల్వర్ స్పిరిట్‌లోనేమో ఖనిజ నూనె. రెండు కార్లూ చూడటానికి అన్నదమ్ములే, డబ్బాలో పోసేది మాత్రం పూర్తిగా వేరు. బ్రేక్ ఆయిల్ కోసం చేసిన రబ్బరు ఖనిజ నూనె తగిలితే నానబెట్టిన శనగల్లా ఉబ్బుతుంది. ‘ఏదో ఒక ఆయిల్, కొంచెం తక్కువుంది, పోసేయ్’ అన్న ఒక్క మాటతో పంపుల నుంచి బ్రేకుల దాకా ప్రతి సీలూ, ప్రతి గొట్టమూ మార్చాల్సి వస్తుంది. మన షెడ్లలో ఆ మాట రోజూ వినిపిస్తుంది. రంగును నమ్మకండి, అది కలిపిన రంగే. అనుమానముంటే గాజుగ్లాసు నీళ్లలో ఒక చుక్క వేయండి. మామూలు బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది, ఖనిజ నూనె పైన తేలుతుంది. తొలినాళ్ల బ్రేక్ ఆయిళ్లకు మూలద్రవ్యం ఆముదం. మన నల్గొండ, పాలమూరు చేలల్లో పండేదే.

1963 నుంచి 1981 దాకా 2,677 మాత్రమే తయారైన మెర్సిడెస్ 600 ఇంకో వింత. దాని కిటికీ అద్దాలు, సీట్లు, డిక్కీ మూత అన్నీ నూనె ఒత్తిడితోనే కదిలేవి, సుమారు 150 బార్లు. కరెంటు మోటార్లకు చప్పుడుంటుందని ఈ ఏర్పాటు. తలుపుల్లో సైతం నూనె గొట్టాలు పాకిన కారు అది.

ఇలాంటి కార్ల గురించి ‘ఆ హైడ్రాలిక్స్ పీకేసి మామూలు స్ప్రింగులు వేసేయండి, పీడ వదులుతుంది’ అనే సలహా తరచూ వినిపిస్తుంది. నాకు అది మోకాలి నొప్పికి కాలు తీసేయడంలా అనిపిస్తుంది. ఆ వ్యవస్థల్లో దాచిపెట్టిన కంప్యూటరు రహస్యాలు లేవు. పంపు, గొట్టం, కవాటం, సిలిండరు, గోళం, అంతే. గోళం లోపలి రబ్బరు పొర గుండా నత్రజని ఏళ్ల తరబడి నెమ్మదిగా తప్పించుకుంటుంది, మళ్లీ నింపవచ్చు, లేదా గోళం మార్చవచ్చు. సీళ్లకు కిట్లున్నాయి. పదేళ్ల కిందటి కారులో చిప్పు పోతే ఆటోనగర్‌లో ఎవరూ చేయగలిగింది లేదు. అరవై ఏళ్ల కిందటి గొట్టాన్ని మాత్రం మా కుర్రవాడు చేసివ్వగలడు.

దీనికి ఎదురుగా ఒక గట్టి వాదన ఉంది, అది అనుభవజ్ఞులైన మేస్త్రీలది: బాగున్నదాన్ని ముట్టుకోవద్దు, పాత బండిలో ఒక నట్టు కదిపితే పది చోట్ల కారుతుంది. అబద్ధం కాదు. మా కారులోనే తిరుగు పైపు విప్పినప్పుడు డబ్బా ప్లాస్టిక్ ముక్కు విరిగిపోయింది. కానీ ఆ పది లీకులు పుట్టించింది మనం కదిపిన నట్టు కాదు, పదేళ్లుగా ఎండుతున్న రబ్బరు. ఇంటి దగ్గర, పగటిపూట, మేస్త్రి పక్కనుండగా కారితే అది పని. టోల్‌గేటు దగ్గర, మామగారిని పక్కన పెట్టుకుని కారితే దాని పేరు వేరు. ఖర్చు అంటారా, మా కారులోని రబ్బరు గొట్టాలన్నిటి ధరా ఒక జత టైర్లకంటే తక్కువ. టైరు మీద తయారీ తేదీ చూసి కొంటున్నాం కదా.

బ్రేకుల దగ్గరైతే వాదనకు కూడా ఓపిక లేదు. బ్రేకు హోసు లోపలి పొర ఉబ్బితే కాలు నొక్కినప్పుడు నూనె వెళ్తుంది, వదిలినప్పుడు వెనక్కి రాదు. ఒక చక్రం వేడెక్కుతుంది, బండి పక్కకు లాగుతుంది, మనం అలైన్‌మెంటు చేయిస్తాం. పైకి పైపు నిక్షేపంగా కనిపిస్తుంది. బ్రేకుల్లో పోసే డాట్ 4 రకం నూనె కొత్తగా ఉన్నప్పుడు మరిగే స్థానం కనీసం 230 డిగ్రీలు, తేమ పట్టాక 155కు కూడా దిగిపోవచ్చు. రెండేళ్లకోసారి మార్చమని పుస్తకంలో రాసింది కారు తిరిగినా తిరగకపోయినా. మా కారులో క్లచ్చుకు కూడా బ్రేకు డబ్బాలోంచే నూనె. తీసినప్పుడు అది డికాక్షన్ రంగులో ఉంది.

ఇప్పుడు మా కారులోని ప్రతి గొట్టానికీ ఒక చిన్న అల్యూమినియం బిళ్ల కట్టి ఉంది, మార్చిన నెల, సంవత్సరం సూదితో గీసినవి. మామగారి ఉపాయమే. మొన్న వచ్చినప్పుడు బానెట్టు ఎత్తించి వరసగా చదువుకున్నారు. స్టీరింగ్ బాక్సు అడుగున మాత్రం ఇంకా చెమరుస్తోంది. సీల్ కిట్టు తెప్పించి బీరువాలో పెట్టాను. ఆటోనగర్‌కు ఫోను చేస్తే కోతలు మొదలయ్యాయి సార్, సంక్రాంతి దాకా మిషన్ల పైపులతోనే సరిపోతుంది, తరవాత రండి అన్నాడు కుర్రవాడు. ఆ వరసలో మా మామగారి మిషను కూడా ఉందట.